'డోపీగా తేలాడు' అన్న వార్తలో ఏముంటుంది, ఏముండదు

2025 మే 3 సాయంత్రం. అనంతపురంలో మా వీధి మలుపున ఉన్న టీ అంగడి దగ్గర ఫోన్లు చేతులు మారుతున్నాయి. గుజరాత్ టైటన్స్ ఫాస్ట్ బౌలర్ కగిసో రబాడ ఏప్రిల్ మొదట్లోనే 'వ్యక్తిగత కారణాలు' అని ఐపీఎల్ వదిలి సౌతాఫ్రికా వెళ్ళిపోయాడు. ఇంట్లో ఎవరికో బాగాలేదేమో అనుకున్నాం. ఆ రోజు అతనే ప్రకటన ఇచ్చాడు: వినోదం కోసం వాడే మత్తుమందు ఒకటి డోప్ టెస్టులో బయటపడిందని, సస్పెన్షన్‌లో ఉన్నానని. ఇంకొన్ని రోజులకే మరో వార్త. నిషేధం అయిపోయింది, మళ్ళీ ఆడొచ్చు. మొత్తం ఒక్క నెల.

"బజరంగ్ పునియాకు నాలుగేండ్లు వేసిరి. ఈయప్పకు నెలనా? ఇదేం న్యాయమప్పా?" అన్నాడు ఒకాయన, గ్లాసు బల్ల మీద పెట్టి.

"దుడ్డుండేవానికి ఒక రూలు, లేనివానికి ఒక రూలు," అన్నాడు రెండో ఆయన.

"అది మత్తుమందు. డోపింగే కాదు," అన్నాడు మూడో మనిషి. ఆయన గుజరాత్ అభిమాని అని వేరే చెప్పక్కర్లేదు.

ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది, ముగ్గురూ కొంత తప్పారు. నాకు తోచినంతవరకు చిక్కంతా మనం వాడే మాటలోనే ఉంది. తెలుగు పేపర్లలో దీనికి ఒకటే ముద్ర: 'డోపీగా తేలాడు'. దగ్గు మందు తాగినవాడూ, నెలల తరబడి స్టెరాయిడ్ ఎక్కించుకున్నవాడూ, టెస్టు చేసేవాళ్ళు వచ్చినప్పుడు ఇంట్లో లేనివాడూ, అందరూ ఆ ముద్ర కిందికే వస్తారు. నిబంధనల పుస్తకం మాత్రం వీళ్ళను వేరువేరు గదుల్లో కూర్చోబెడుతుంది.

టెస్టులో దొరక్కుండానే నిషేధం పడొచ్చు

ప్రపంచమంతటికీ రూలు రాసేది వాడా, అంటే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ. 1999లో పెట్టారు. మన దేశంలో ఆ రూళ్ళను అమలు చేసేది నాడా, అంటే జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ. బీసీసీఐ చాలా ఏళ్ళు నాడా కిందికి రానని మొండికేసి, సొంతంగా పరీక్షలు చేయించుకుని, చివరికి 2019 ఆగస్టులో ఒప్పుకుంది.

వాడా నియమావళిలో ఉల్లంఘనలు 11 రకాలు. శాంపిల్‌లో నిషేధిత పదార్థం కనబడడం అందులో ఒకటి మాత్రమే. శాంపిల్ ఇవ్వకపోవడం, శాంపిల్‌ను తారుమారు చేయడం, మందు దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, ఇంకొకరికి ఎక్కించడం, ఇవన్నీ వేరే వేరే ఉల్లంఘనలు. కోచ్‌కూ డాక్టరుకూ కూడా శిక్ష పడొచ్చు.

వీటిలో అభిమానులకు బొత్తిగా అర్థం కానిది 'ఎక్కడున్నావో చెప్పడం'. పెద్ద స్థాయి ఆటగాళ్ళు కొందరిని ఒక జాబితాలో పెడతారు. వాళ్ళు ప్రతిరోజూ ఒక గంట ఫలానా చోట ఉంటామని ముందే రాసివ్వాలి. ఆ గంటలో తలుపు తట్టితే కనబడాలి. 12 నెలల్లో మూడుసార్లు తప్పితే అదే నేరం. కోల్‌కతా తరఫున సిక్సర్లు కొట్టిన ఆండ్రీ రస్సెల్‌కు 2017 జనవరిలో ఏడాది నిషేధం పడింది ఇందుకే. ఏ మందూ దొరకలేదు, మనిషే దొరకలేదు. అయినా మా వీధిలో ఈ రోజుకీ "రస్సెల్ ఏదో వాడినాడంట" అనేవాళ్ళున్నారు. 2020లో పుజారా, జడేజా, రాహుల్, స్మృతి మంధాన, దీప్తి శర్మలకు కూడా వివరాలు ఇవ్వలేదని నోటీసులు వచ్చాయి. పాస్‌వర్డ్ సమస్య వల్ల వివరాలు ఎక్కలేదని బీసీసీఐ చెప్పింది. అది ఉల్లంఘన దాకా పోలేదు.

రెజ్లర్ బజరంగ్ పునియా విషయం కూడా టెస్టులో ఏదీ దొరక్కుండానే నిషేధం పడిన గదిలోనిదే. 2024 మార్చి 10న సోనీపత్‌లో సెలక్షన్ ట్రయల్స్ అప్పుడు శాంపిల్ ఇవ్వలేదన్నది నాడా అభియోగం. నేను ఇవ్వనని అనలేదు, అంతకుముందు గడువు దాటిన కిట్లు తెచ్చారు, దానికి జవాబు చెప్పమన్నాను అన్నది ఆయన వాదన. ఆ ఏడాది నవంబరులో నాడా క్రమశిక్షణ ప్యానెల్ నాలుగేళ్ళు నిషేధించింది. శాంపిల్ ఇవ్వకపోతే మామూలుగా పడే శిక్షే నాలుగేళ్ళు. ఎందుకంటే ఇవ్వనివాడికి తక్కువ, ఇచ్చి దొరికినవాడికి ఎక్కువ అయితే ఎవడూ ఇవ్వడు. రూలులో లాజిక్ ఉంది. గడువు దాటిన కిట్టు గురించి అడగడం తప్పా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. కానీ అక్కడ ఉన్న దారి ఏమిటంటే, శాంపిల్ ఇచ్చి, ఫారం మీద అభ్యంతరం రాసి సంతకం పెట్టడం.

మా వంటింటి అరలోని సీసా

మాకు వేరుశనక్కాయలు పెరికే కాలంలో దుమ్ము లేస్తే దగ్గు పట్టుకుంటుంది. అరలో ఎప్పుడూ ఒక దగ్గు మందు సీసా ఉంటుంది. రబాడ గొడవ అయిన రాత్రి దాన్ని ట్యూబ్‌లైటు కింద పట్టుకుని చూశాను. మూత చుట్టూ పాకం గట్టిపడి ఉంది, చీమ ఒకటి అంటుకుని ఉంది. లేబుల్ మీద అక్షరాలు కళ్ళద్దాలు పెట్టుకున్నా కనబడనంత చిన్నవి. ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేస్తే చదవగలిగాను: టెర్బ్యూటలిన్ సల్ఫేట్, బ్రోమ్‌హెక్సిన్, గ్వైఫెనెసిన్.

మొదటి పేరు నిషేధిత జాబితాలో ఉంది. శ్వాసనాళాలను వదులు చేసే మందు అది. మా అమ్మ మూడు పూటలా రెండు చెంచాలు తాగుతుంది.

క్రికెటర్ పృథ్వీ షా దొరికింది ఈ టెర్బ్యూటలిన్‌తోనే. 2019 ఫిబ్రవరి 22న ఇండోర్‌లో సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ అప్పుడు ఇచ్చిన శాంపిల్‌లో బయటపడింది. దగ్గుకు సిరప్ తాగానన్నాడు, బీసీసీఐ నమ్మింది, ఎనిమిది నెలలు వేసింది. యూసఫ్ పఠాన్‌కు అంతకుముందు ఐదు నెలలు పడింది, అదీ ఇదే పదార్థానికి.

జాబితాను వాడా ఏటా జనవరి 1న కొత్తగా అమల్లోకి తెస్తుంది. అందులో మూడు రకాలున్నాయి. స్టెరాయిడ్లు, రక్తాన్ని పెంచే మందులు, ఒంట్లో నీరు తీసేసే మందుల లాంటివి ఏడాది పొడుగునా నిషిద్ధం. ఉత్తేజం ఇచ్చే మందులు, గంజాయి లాంటివి పోటీ సమయంలో మాత్రమే. గుండె దడ తగ్గించే బీటా బ్లాకర్లు షూటింగ్, ఆర్చరీ లాంటి కొన్ని ఆటల్లోనే, ఎందుకంటే చేయి వణక్కుండా ఉండడం అక్కడ పెద్ద లాభం.

'పోటీ సమయం' అంటే టాస్ వేసినప్పటి నుంచి అనుకుంటాం. నిజానికి ముందు రోజు రాత్రి 11:59 నుంచి. 2024 సెప్టెంబరు 5న మన అనంతపురం ఆర్‌డీటీ స్టేడియంలో ఇండియా సి, ఇండియా డి దులీప్ ట్రోఫీ మ్యాచ్ మొదలైంది కదా. ఈ లెక్కన సెప్టెంబరు 4 రాత్రి 12కు ఒక నిమిషం ముందే ఆ ఆటగాళ్ళు పోటీలో ఉన్నట్టు. అదే మనిషి అదే పదార్థం వారం ముందు ఇంట్లో వాడితే అది వేరే ప్రశ్న.

పొద్దున్న మంచిదైనది సాయంత్రానికి చెడ్డది కావడమూ ఉంది. టెన్నిస్ తార మరియా షరపోవా ఏళ్ళ తరబడి డాక్టరు రాసిచ్చిన మెల్డోనియం వాడింది. 2016 జనవరి 1న అది జాబితాలోకి ఎక్కింది. అదే నెల ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో దొరికింది. రెండేళ్ళ నిషేధం అప్పీలులో 15 నెలలు అయింది.

మరి ఆస్తమా ఉన్న ఆటగాడు చచ్చిపోవాలా? అక్కర్లేదు. సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌తో పీల్చుకుంటే 24 గంటల్లో 1600 మైక్రోగ్రాముల దాకా అనుమతే ఉంది. వేరే మందే కావాలంటే వైద్య కారణాల మినహాయింపుకు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పేపర్లన్నీ సరిగా ఉంటే ఇస్తారు. 'పేపర్లన్నీ' అన్న మాట దగ్గరే మన పిల్లలు ఆగిపోతారు.

ఒకే మూత్రం, రెండు సీసాలు

శాంపిల్ తీసుకునే పద్ధతి తెలిస్తే "ఎవరో మార్చేశారు" అనే మాట ఎంత బరువైనదో అర్థమవుతుంది. సీల్ వేసిన కిట్లు కొన్ని ముందు పెడతారు, ఆటగాడే ఒకటి ఎంచుకుంటాడు. కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం ఇవ్వాలి. అదే లింగానికి చెందిన అధికారి పక్కనే నిలబడి చూస్తాడు. సిగ్గుపడితే కుదరదు. మ్యాచ్‌లో నీళ్ళన్నీ చెమటగా పోయినవాడు గంటలకొద్దీ బాటిళ్ళు తాగుతూ కూర్చుంటాడు. తర్వాత దాన్ని 'ఎ', 'బి' అనే రెండు సీసాల్లో పోసి, మూత బిగించేదీ ఆటగాడే. ఆ మూత తిరిగి ఊడదు, ల్యాబ్‌లో పగలగొట్టి తీయాల్సిందే. ల్యాబ్‌కు పేరు వెళ్ళదు, నంబరు వెళుతుంది. ఫారంలో గత వారంలో వాడిన మందులూ పొడులూ రాయాలి.

'ఎ'లో ఏదైనా కనబడితే ఆటగాడికి కబురు పంపుతారు. 'బి'ని తన మనిషి ఎదుట తెరవమని అడిగే హక్కు అతనికి ఉంది. ఈ రెండింటి నడుమ పడేది తాత్కాలిక సస్పెన్షన్. స్టెరాయిడ్ లాంటివైతే అది తప్పనిసరి. మన పేపర్లో వార్త వచ్చేది సాధారణంగా ఈ దశలోనే. విచారణ ఇంకా మొదలుకాదు, కానీ ఊళ్ళో తీర్పు అయిపోయి ఉంటుంది.

'నాకు తెలీదు' అంటే ఎందుకు చెల్లదు

డోపింగ్ చట్టానికి గుండెకాయ ఈ సూత్రం: నీ ఒంట్లో ఏముందో దానికి నువ్వే బాధ్యుడివి. ఎలా వచ్చింది, ఎందుకు వచ్చింది అన్నది తర్వాతి మాట. హత్య కేసులో పోలీసులు నేరం నిరూపించాలి. ఇక్కడ పదార్థం దొరికిందంటే ఉల్లంఘన రుజువైపోయినట్టే. అది తన ఒంట్లోకి ఎలా చేరిందో, తన తప్పు ఎంత తక్కువో ఆటగాడే చూపించుకోవాలి.

2003 ప్రపంచకప్ మొదలయ్యే వేళ ఆస్ట్రేలియా స్పిన్నర్ షేన్ వార్న్ డోప్ టెస్టులో దొరికి ఇంటిదారి పట్టాడు. ఒంట్లో నీరు తీసే మాత్ర అది, సన్నబడతావని అమ్మ ఇచ్చింది అన్నాడు. ఏడాది నిషేధం. ఆ మాత్రతో లెగ్‌స్పిన్ తిరగదు. కానీ నీరు తీసే మందులు వేరే మందుల జాడను పలచన చేస్తాయి, అందుకే నిషిద్ధం. అమ్మ ఇచ్చిందన్న మాట నిజమే కావొచ్చు. 'పెద్దవాళ్ళు ఇచ్చారు, వేసుకున్నాను' అనేది మన ఇళ్ళలో నేరమే కాదు. ఆ పుస్తకంలో మాత్రం నేరమే.

ఇంకొక కేసు మనకు దగ్గరిది. రియో ఒలింపిక్స్ ముందు రెజ్లర్ నర్సింగ్ యాదవ్ స్టెరాయిడ్‌తో దొరికాడు. తిండిలో ఎవరో కలిపారన్నాడు. 2016 ఆగస్టు 1న నాడా ప్యానెల్ నమ్మి వదిలేసింది. దేశమంతా ఊపిరి పీల్చుకుంది. వాడా అప్పీలుకు వెళ్ళింది. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం కుట్ర కథకు తగిన ఆధారం లేదని ఆగస్టు 18న నాలుగేళ్ళు వేసింది. రియోలో ఉండి, బరిలో దిగకుండా వెనక్కొచ్చాడు.

ఈ సూత్రాన్ని సమర్థించేవాళ్ళ మాట ఇదీ: ఉద్దేశం నిరూపించే భారం సంస్థ మీద పెడితే ఒక్క కేసూ నిలబడదు. అందరూ "ఎవరో కలిపారు" అంటారు. మోసపోయేది శుభ్రంగా ఆడి నాలుగో స్థానంలో ఆగిపోయిన పిల్ల. ఆమె పేరు ఏ వార్తలోనూ రాదు.

తప్పుపట్టేవాళ్ళ మాట ఇంకోటి: ఇప్పటి యంత్రాలు గ్రాములో కోట్లవంతు కూడా పట్టేస్తాయి. ఆ పాటి మోతాదు ఆటకు పనికొస్తుందా లేదా అన్నది వేరే. మాంసం, కలుషితమైన పొడి, పక్కవాడి ఆయింట్‌మెంటు, దేన్నుంచైనా రావొచ్చు. అమాయకత్వం నిరూపించాలంటే డబ్బు, నిపుణుడు, లాయరు కావాలి.

నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. సూత్రం లేకపోతే వ్యవస్థ ఒక్కరోజు నిలవదు. సూత్రం ఉన్నందువల్ల కొందరు తప్పు లేకుండా నలుగుతారు.

నెల, ఎనిమిది నెలలు, నాలుగేళ్ళు: లెక్క ఇలా పడుతుంది

జాబితాలోని పదార్థాల్ని రెండు కుప్పలు చేశారు. ఆటలో మోసం కోసమే వాడి ఉండే అవకాశం ఎక్కువున్నవి ఒక కుప్ప: స్టెరాయిడ్ల లాంటివి. వీటికి మామూలు శిక్ష నాలుగేళ్ళు, కావాలని చేయలేదని ఆటగాడు చూపిస్తే రెండు. పొరపాటున ఒంట్లోకి చేరే అవకాశం ఎక్కువున్నవి రెండో కుప్ప: టెర్బ్యూటలిన్ అందులోదే. వీటికి మామూలుగా రెండేళ్ళు, కావాలని చేశాడని సంస్థ రుజువు చేస్తే నాలుగు. ఈ రెండో కుప్పలో నిర్లక్ష్యం తక్కువని తేలితే ఉత్త మందలింపు దాకా దిగొచ్చు.

2021 నుంచి మూడో గది ఒకటి తెరిచారు. కొకెయిన్, హెరాయిన్, ఎక్స్‌టసీ, గంజాయి: సమాజంలో జనం మత్తు కోసం వాడేవి. వీటిని పోటీ సమయానికి బయట వాడానని, ఆట కోసం కాదని చూపిస్తే మూడు నెలలు. చికిత్స కార్యక్రమం పూర్తిచేస్తే ఒక నెల. రబాడ నెల ఇక్కడి నుంచి వచ్చింది. జూన్‌లో లార్డ్స్‌లో ఆస్ట్రేలియాపై టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్లో తొలి ఇన్నింగ్స్‌లోనే ఐదు వికెట్లు తీశాడు. గుజరాత్ అభిమాని కాదన్నా ఇది డోపింగ్ కాకుండా పోదు, కానీ మోసంతో సమానంగా చూడరు.

టీ అంగడి లెక్క తప్పింది ఇక్కడే. రబాడనూ బజరంగ్‌నూ పక్కపక్కన పెట్టి తూచారు. ఒకరిది మత్తు పదార్థం గది, ఇంకొకరిది శాంపిల్ ఇవ్వని గది.

పృథ్వీ షా ఎనిమిది నెలల్లో ఒక వింత ఉంది. ప్రకటన వచ్చింది 2019 జూలై 30న. లెక్క మొదలుపెట్టింది మార్చి 16 నుంచి. ముగిసింది నవంబరు 15న. మరి మార్చి 30న ఢిల్లీ తరఫున కోల్‌కతాపై 99 కొట్టింది ఎవరు? అతనే. అంటే నిషేధంగా లెక్కేసిన రోజుల్లో ఐపీఎల్ ఆడేశాడు. తప్పు వెంటనే ఒప్పుకుంటే శిక్షను వెనక తేదీ నుంచి లెక్కేసే వీలు అప్పటి నిబంధనల్లోనే ఉండేది. కానీ శిక్ష ఎనిమిది నెలలని చదివినవాడు ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చున్నాడనే అనుకుంటాడు.

దుడ్డున్నవాడి రూలు

రెండో ఆయన మాటకు జవాబు చెప్పడం కష్టం. టెన్నిస్‌లో నంబర్ వన్ దాకా ఎదిగిన యానిక్ సిన్నర్ 2024 మార్చిలో రెండుసార్లు క్లోస్టెబాల్ అనే స్టెరాయిడ్‌తో దొరికాడు. తన సిబ్బందిలో ఒకరు వేలికి గాయమై స్ప్రే వాడారు, ఆ చేత్తోనే మసాజ్ చేశారు, అలా అంటిందన్నది వివరణ. ట్రిబ్యునల్ తప్పు లేదంది. విషయం ఆగస్టు దాకా బయటికి రాలేదు. వాడా అప్పీలుకు పోయి, చివరికి 2025 ఫిబ్రవరిలో మూడు నెలలకు రాజీ కుదిరింది. ఆ మూడు నెలల్లో ఒక్క గ్రాండ్‌స్లామ్ కూడా పడలేదు.

రూలు ఎవరికైనా ఒకటే, సిన్నర్ వెంటనే మూలం చూపించగలిగాడు కాబట్టి బయటపడ్డాడు అన్నది ఒక వాదన. వెంటనే చూపించగలగడమే డబ్బు చేసే పని అన్నది రెండోది. నేను రెండోదానివైపే మొగ్గుతాను. సిన్నర్ అబద్ధమాడాడని కాదు. అదే స్ప్రే మన ఊళ్ళో పోలీసు ట్రైనింగ్ కాలేజీ గ్రౌండ్‌లో పరిగెత్తే కుర్రాడికి అంటితే, మూలం వెతికి పెట్టేవాళ్ళు ఎవరున్నారు?

7113లో 260 అంటే ఎంత శాతం

  2024లో మన దేశంలో 7113 శాంపిళ్ళు పరీక్షిస్తే 260 పాజిటివ్ వచ్చాయని వాడా గణాంకాలు. 3.6 శాతానికి కొంచెం పైనే. 2023లో 5606కి 213, అంటే 3.8. 2022లో 3865కి 125. ఎక్కువ పరీక్షలు చేసే పెద్ద దేశాల్లో మనదే పైవరుస. పాజిటివ్ అన్నదంతా నేరం కాదు, వైద్య మినహాయింపు ఉన్నవీ అందులో ఉండొచ్చు. నాడా వాళ్ళ సమర్థన: పరీక్షలు పెంచాం, అందుకే దొరుకుతున్నారు. నిజమే, సంఖ్యకు అది జవాబు. శాతానికి కాదు. వల పెద్దదైతే చేపలు ఎక్కువ పడతాయి గానీ, ప్రతి వందకూ ఇన్ని పడడం చెరువు సంగతి చెబుతుంది.

2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీల్లో డోపింగ్ అధికారులు వచ్చారని తెలిసి, పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరిగెత్తాడు. మిగతావాళ్ళు రాలేదు. బాత్రూంలో వాడేసిన సిరంజిలు పడి ఉన్న వీడియో తిరిగింది. వాళ్ళెవరూ ఒలింపిక్స్‌కు పోయేవాళ్ళు కారు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, రైల్వేలోనో పోలీసులోనో, అదే వాళ్ళ పతకం.

ఆ చెరువు ఒక్క ఢిల్లీలోనే లేదు. కానిస్టేబుల్ 1600 మీటర్ల పరుగు కోసం తెల్లవారుజామున గ్రౌండ్‌కు వచ్చే పిల్లల్ని నేను రోజూ చూస్తాను. వాళ్ళలో ఒకడు పోయిన నెల జిమ్‌లో కొన్న పొడి డబ్బా చూపించాడు. డబ్బా మీద సింహం బొమ్మ, వెనక సగం లేబుల్ చిరిగిపోయి ఉంది. "లోపల ఏముందిరా?" అంటే, "పవర్ సార్" అన్నాడు.

రబాడ గొడవ అయిన మర్నాడు మెడికల్ షాపుకు పోయి, టెర్బ్యూటలిన్ లేని దగ్గు మందు ఏదైనా ఉందా అని అడిగాను. షాపు కుర్రాడు నన్ను పైనుంచి కింద దాకా చూశాడు, పొట్ట దగ్గర కొంచెం ఎక్కువసేపు.

"ఏమన్నా, రన్నింగు గిన్నింగు మొదలుపెట్టినావా?"

"లేదప్పా. మ్యాచ్‌లు చూస్తా, అంతే."

వెనక్కి తిరిగి అరలో వెతికాడు. మూడు సీసాలు తీశాడు, మూడింటి లేబుళ్ళూ చదివాడు, మూడింటినీ మళ్ళీ లోపల పెట్టి నాలుగోది ఇచ్చాడు.